ఎవరు పోయిండ్రని అడిగితే

జనగామ,
11 ఆగస్టు 2025

ఐలేశన్నా,

నీ నంబరు బ్లాక్ చేసిన మాట నిజమే. ఫోన్లో నేనేమన్నా నువ్వు నవ్వుతావు. నువ్వు నవ్వితే నేను చెప్పాల్సిందాంట్లో సగం మరిచిపోతాను. కాగితం మీద నీ నవ్వు వినపడదు కాబట్టి రాస్తున్నా. నువ్వూ రాయి. నీ చేతిరాత కోడి గెలికినట్టున్నా సరే, చదువుకుంటా.

వీడియో చూశాను. ల్యాబులో కూర్చుని, సీసాల మీద పేర్లు రాస్తూ చూశాను. పొద్దటి నుంచి జనం డబ్బాల్లో తెచ్చిచ్చే మలమూత్రాల మధ్య బతికేదాన్ని, నాకు రోత అంత తేలిగ్గా పుట్టదు. నీ వీడియోకు పుట్టింది.

ఏందన్నా అది? మన బ్యాండు పేరు బొందలగడ్డ. పీనుగుల్ని పాతిపెట్టే జాగా. భూపాలపల్లిలో ఆ మూతబడ్డ టైర్ల షాపులో మొదలుపెట్టిన నాడు మనకున్నవి నీ గిటారు, ప్రశాంత్ డ్రమ్ములు, నా గొంతు. మొఖానికి సున్నం పూసుకుని చర్మం కాల్చుకున్నాం, తర్వాత పౌడరుకు మారినం. కండ్ల చుట్టూ కాటుక. రాగం లేదు, పల్లవి లేదు. గిటారు రంపంలా కోస్తుంటే, డ్రమ్ములు ఊపిరాడనియ్యకుండా కొడుతుంటే నేను అరిచేదాన్ని. బ్లాక్ మెటల్ అంటే అంతే. విన్నవాళ్లలో సగం మంది మధ్యలోనే లేచిపోయేవాళ్లు. పోనీ అనుకునేదాన్ని. కొంతమంది పోవాలనే అరిచేదాన్ని.

ఇప్పుడేమో వయొలిన్. కీబోర్డు. పొగ మిషన్. ఎర్ర పట్టుపరదా. కాగితం ముసుగులు. నా జాగలో హైదరాబాద్ నుంచి తెచ్చిన నాటకాల సార్ ఒకాయన. "ఓ మృత్యువా" అని చెయ్యి చాపి, పెళ్లి ఫొటో కోసం ఆగినట్టు ఆగిండు. నువ్వు గిటారు పక్కన పడేసి, కాగడా పట్టుకుని, నడుము పట్టేసినవాడిలా వంగి వంగి స్టేజీ అంతా తిరుగుతున్నావు. నీ ఒంటి మీది బట్ట చూసి మా ఓనరమ్మ కిటికీ పరదా గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో నువ్వు కీబోర్డు కొన్న రోజే నేను బయటికొచ్చి మంచి పని చేశాను.

ఒక్క మాట మాత్రం తిట్టు కాదు, సీదా అడుగుతున్నా. వీడియో కింద రాశావు, వచ్చే ప్రదర్శనలో "నిజమైన శోకం" ఉంటుందని. సావు ఇంట్లో మన ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే ఏడ్పును కూడా ఆ పొగలోకి లాక్కొస్తావా? ఎవరి శోకం అది? పెద్దవంగరలో ఆ ముసలి బాపమ్మ జోలికి మాత్రం పోకు.

కోపంతో,
రజని

భూపాలపల్లి,
19 ఆగస్టు

చెల్లె రజనికి,

నీ తిట్లు అందినయి. బొగ్గు గని కాడ డంపర్ క్యాబిన్ల కూసోని చదివిన, గందుకే ఈ కాగితం గూడ గిట్ల బొగ్గు మరకలైంది. నవ్వలేదు, సత్తెం. కిటికీ పరదా కాడ జర నవ్విన.

నువ్వు పోయినంక అరిచేటోళ్లు లేకుంటయిండ్రు. నేనే అరిచి చూసిన. రివర్సుల వోయే లారీ లెక్కున్నదని ప్రశాంత్ గాడు కిందవడి నవ్విండు. నువ్వు అరుస్తుంటే ఎన్క గిటారు కొట్టుడు నాకొస్తది, నువ్వు లేంది ఏం జెయ్యాల్నో నాకు రాదు. గప్పుడు ఆలోచన జేసిన. ఇన్నేండ్లు మనం అరిచినం గద, విన్నోళ్లకు మనకు కోపమున్నదని తెలిసింది. ఎందుకున్నదో ఒక్కనికన్న తెలిసిందా? కథ వెడితే తెలుస్తది. వేషం గడితే తెలుస్తది. పెద్ద కథేం కాదు. ఒక ఇంట్ల మనిషి పోయిండు, పీనుగ ఇంటికి రాలే. గంతే.

శోకం బాపమ్మదే. ఒప్పుకున్నది. నీకు చెప్తే కుష్ అయితవనుకున్న, నువ్వేమో ముందుగాల్నే జోలికి పోకంటున్నవ్.

పెద్దమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? ఆ నూనె రాస్తున్నదా?

నీ అన్న
ఐలేశ్

జనగామ,
25 ఆగస్టు

ఐలేశ్,

ఇవాళ అన్నా అని రాయబుద్ధి కాలేదు.

"ఒక ఇంట్ల మనిషి పోయిండు" అట. ఆ మనిషి పేరు రాసేటప్పటికి నీ పెన్నులో ఇంకు అయిపోయిందా? కొమురెల్లి. నాకు బాపు. నీకు పెద్దబాపు. బాపమ్మకు పెద్దకొడుకు.

నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నా, ఎందుకంటే నువ్వు దాన్ని కథ అన్నావు. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. దవాఖాన నుంచి బండి సీదా కాటికే పోయింది. మా అమ్మకు దూరం నుంచి ఒక మూట చూపించారు. బాపమ్మ పెద్దవంగర నుంచి బయల్దేరితే తొవ్వలోనే ఆపి వెనక్కి పంపారు. బిడ్డ రానిదే పాడె లేవనియ్యని ఊరు మనది. ఆ బిడ్డ హనుమకొండ హాస్టల్ గదిలో జ్వరంతో తలుపేసుకుని, అంతా అయిపోయిందని ఫోన్లో విన్నది. పీనుగ లేని ఇంట్లో శోకం తీస్తే ఇంకొకరు పోతారని పెద్దవాళ్లు వద్దన్నారు. బాపమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గోడకు కూర్చున్నది. నాకు కొంగు లేదు. వానలు తగ్గినాక నీ టైర్ల షాపుకొచ్చి అరిచిన.

దాన్ని పట్టుపరదాలో చుట్టి ఫంక్షన్ హాల్లో పెడతావా? ముసలామెకు ఏం చెప్పి ఒప్పించావు? మల్లన్న పాట అన్నావా? ఫోన్లో పట్టుకుంటాం, టీవీలో వస్తుంది అన్నావా? ఆమె నిన్ను నమ్ముతుంది, నువ్వు రాయిని చూపించి బెల్లమంటే నోట్లో పెట్టుకుంటుంది.

నాకొక మాట కావాలి. బాపు సావు స్టేజీ మీదికి పోదు. అవునని రాయి. మిగతా నీ ముసుగులు, నీ కాగడాలు, నీ నడుం నొప్పి నడక, అన్నీ నీ ఇష్టం.

రజని

(అమ్మ నూనె రాస్తున్నది. నొప్పి అట్లనే ఉన్నది.)

భూపాలపల్లి,
6 సెప్టెంబరు

చెల్లె,

మాట సంగతి తర్వాత రాస్త. ముందుగాల అయితారం నాడు పెద్దవంగరల జరిగింది ఇను, మల్ల వేరేటోళ్ల నోట ఇంటే ఇంకో తీరుంటది.

సార్‌ను తోలుకొని పోయిన. రియర్సల్ ఇంట్ల వద్దన్నది బాపమ్మ. నీకెర్కే గద, పీనుగ లేంది ఇంట్ల శోకం తియ్యద్దు. మరి ఏడ అంటే ఎన్క బర్ల కొట్టం జూపిచ్చింది. "కొట్టం ఇల్లు గాదు గదరా, ఆడ దోసం లేదు" అన్నది. సరే అని చాప ఏసినం. పీనుగ లెక్క నేను పన్న, మొఖానికి పౌడర్ రాసుకొని, కండ్లకు కాటుక వెట్టుకొని. బాపమ్మ తలాపున కూసున్నది. సార్ ఫోన్ వట్టుకొని నిలవడ్డడు.

తీసింది రజనీ. ఏం గొంతు! బర్రె గూడ నెమరేసుడు ఆపింది. నడుమ సార్ "అమ్మగారూ, కాస్త నెమ్మదిగా ఏడవండి, మాట స్పష్టంగా రావట్లేదు" అన్నడు. బాపమ్మ ఆయన దిక్కు గూడ సూడలే.

పక్కింటి గట్టమ్మకు ఇనవడ్డది. ఆమె సంగతి నీకెర్కే, ముందుగాల అందరికి ఫోన్లు జేసి తర్వాత సూడొస్తది. చేతుల రొట్టె పిండి అట్లనే ఉన్నది, "అయ్యో ఐలేశా, నీకేం పుట్టెరా" అని నా మీద వడ్డది. నాకు మెడ మీద గిలిగింతలైనయి. లేసి కూసున్న.

గంత పెద్ద కేక నువ్వు గూడ ఏ పాటల వెయ్యలే. కేక అయినంక నా చెంప మీద ఒక్కటి వీకింది, పిండి చెయ్యితోటే.

పొద్దూకంగ లింగాల ఘనపూర్ నుంచి మన మేనత్త వెంకటనర్సమ్మ ఆటోల దిగింది. ఏడుసుకుంట ఉన్నది గావచ్చు, ఎన్ని ఫోన్లు జేసినా ఎత్తలే. పీనుగ మీద కప్పనీకి కొత్త బట్ట గూడ తెచ్చింది. మూల మలుపు కాడి నుంచే శోకం తీసుకుంటొచ్చి నా మెడ వట్టుకొని, "ఎవలు పోయిండ్రురా?" అన్నది. ఎవలు పోలే అత్తా, రియర్సల్ అన్న. తెచ్చిన బట్ట వాపస్ తీస్కపోవద్దట, పీనుగ లేక ఈడ ఇడిసి పెట్టొద్దట. సంచిల వెట్టుకొని నన్ను తిట్టుకుంటనే పోయింది.

నవ్వొస్తే నవ్వు. నాకైతే చెంప ఇంక మండుతున్నది.

ఐలేశ్

జనగామ,
12 సెప్టెంబరు

ఐలేశన్నా,

నవ్వాను. ల్యాబులో రక్తం తీయించుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడేంత నవ్వాను. బర్రె నెమరేసుడు ఆపిన కాడ, గట్టమ్మ పిండి కాడ. తర్వాత ఆగిపోయింది నవ్వు.

నిన్న అత్త మా ఇంటికొచ్చింది. ఆ బట్ట తన ఇంటికి తీసుకుపోనంటుంది, "కొమురెల్లి ఇల్లు గిదే గదనే, ఈడనే ఉండనీ" అని గడప మీద పెట్టి చాయ్ కూడా తాగకుండా పోయింది. అమ్మ దాన్ని బీరువాలో పెట్టనియ్యదు, బయట పడెయ్యనియ్యదు. నా కాలేజీ బ్యాగులో పెట్టాను. పొద్దున లేవగానే కనబడుతుంది. తెల్లటి మల్లు బట్ట, ఇంకా అంగడి కాగితం అంటుకునే ఉన్నది.

అత్త నిన్ను అడిగింది, ఎవరు పోయిండ్రని. నువ్వన్నావు, ఎవరూ పోలేదని.

ఎవరూ పోలేదా అన్నా?

బాపమ్మ తన కొడుకు పేరు పెట్టి ఏడుస్తుంటే, ఆమె ముందరనే పడుకుని విని, లేచి ఆ మాట ఎట్లన్నావు? ముసుగు అంటే ఇన్నాళ్లూ నేను ఆ కాగితం అనుకున్నా. ఇక ఆ సార్! నెమ్మదిగా ఏడవాలట. స్పష్టంగా ఏడవాలట. మా ల్యాబులో ఒక్కొక్క డబ్బా మూత తెరిచినప్పుడు కూడా ఇంత వాసన రాలేదు నాకు.

నేనడిగిన మాట మళ్లీ ఎగ్గొట్టావు. కాగితం మీద నీ నవ్వు వినపడదు కానీ, నువ్వు తప్పించుకునేది బాగా కనపడుతుంది.

రజని

భూపాలపల్లి,
27 సెప్టెంబరు

చెల్లె రజనికి,

మాట ఇయ్యలేను. అబద్ధపు మాట ఇచ్చుడు కంటె ఇయ్యకుంటుండుడు మంచిది.

నీ పరేషాన్ ఏందో నాకు సమజైంది. నీ జాగల ఇంకొకడు నిలవడ్డడు, అది నీకు సైస్తలేదు. నేనైనా గంతే. నువ్వు వస్తనని అను, ఇయ్యాల్నే ఆయన్ను పంపిస్త. మైకు నీదే.

అక్టోబర్ 11, శనివారం, పొద్దూకంగ, ఈడనే ఫంక్షన్ హాల్ల. ముందటి వరుసల ఒక కుర్చీ నీకని ఆపమన్నది బాపమ్మ. దాని మీద తన టవాల ఏసి పెడ్తదట. రా.

ఐలేశ్

జనగామ,
13 అక్టోబరు

ఐలేశ్,

నేను వచ్చాను. నీకు తెలియదు. ముందు కుర్చీలో కూర్చోలేదు. వెనక, భోజనాల వాళ్లు చేతులు కడుక్కునే సింకు దగ్గర నిలబడ్డాను. పాడె మీద పడుకుని నీకు ఏం కనబడి ఉండదు కాబట్టి ఏం జరిగిందో నేను రాస్తున్నా.

హాలు నిండింది. మన పాటకు ఎన్నడూ నిండలేదు. నూనె, మల్లెపూలు, పొగ మిషన్ వాసన కలిసి, ల్యాబులో ఫినాయిలు ఒలికినట్టుంది. పక్క కుర్చీలో ఒకతను సమోసా తింటూ "ఇదేం సర్కస్‌రా" అన్నాడు, అయినా లేచిపోలేదు. మీరు పాడె ఎత్తుకొచ్చారు. నిజం పాడె, బంతిపూలతో. దాని మీద నువ్వు. నీ కాలి వేళ్లు కదులుతున్నాయి, పీనుగకు దోమ కుట్టినట్టుంది. ప్రశాంత్ ఒక్కడే డ్రమ్ములు ఎప్పటిలా కొట్టాడు. ఆ ఒక్క నిమిషం నా మెడ దానంతటదే పైకి లేచింది. నా మీద నాకే మండింది.

తర్వాత బాపమ్మ వచ్చింది. ఆమెకు వేషం వెయ్యలేదు మీరు. పోచంపల్లి చీర, పసుపు రాసిన కాళ్లు, అంతే. కూర్చుని తీసింది. "కొడుకా కొమురెల్లీ, తొవ్వల నన్నాపిండ్రు కొడుకా" అన్నది. హాల్లో సమోసా కవర్ల చప్పుడు ఆగింది. ఆగంగనే ఫోన్లు లేచినయి. అందరి చేతుల్లో మా బాపు సావు చిన్న చిన్న వెలుగులుగా కనబడింది.

నువ్వెన్ని సావులు చూశావో నాకు తెలుసు కాబట్టి ఇది నీకు చెప్పాల్సిన అవసరం లేదు, కానీ నువ్వు మరిచిపోయావు. పోయినవాడి తల్లి ఒక దరువు తీసి ఆగుతుంది. ఆ ఆగింది పోయినవాడి బిడ్డ కోసం. బిడ్డ అందుకుని తల్లి మెడ పట్టుకోవాలి. బాపమ్మ ఆగింది. టవల్ వేసిన కుర్చీ దిక్కు చూసింది. కుర్చీ ఖాళీ.

ఆ ఖాళీలోకి నీ సార్ దూరాడు. ముసుగేసుకుని, మోకాళ్ల మీద పడి, "నాన్నా" అన్నాడు. నాన్నా! స్పష్టంగా, నెమ్మదిగా, ఆయనకు ఎట్ల కావాలో అట్ల. బాపమ్మ మెడ పట్టుకోబోయాడు. ఆమె ఆ ముసుగు తాడు పట్టి గుంజింది. "ఎవడివిరా నువ్వు? నా కొడుక్కు ఏమైతవ్?" అన్నది.

జనం చప్పట్లు కొట్టారు. నవ్వారు, ఈలలేశారు. అది కూడా నాటకమే అనుకున్నారు. ఆమె ముసుగు చేతిలో పట్టుకుని నిలబడి వాళ్ల దిక్కు చూస్తున్నది, వాళ్లు ఇంకా కొడుతున్నారు. నువ్వు పాడె మీద కండ్లు మూసుకునే ఉన్నావు, పీనుగవు కదా.

నేను సింకులో వాంతి చేసుకున్నా. నోరు కడుక్కుని బస్టాండుకు పోయాను. స్టేజీ మీదికి పోలేదు. పోవాల్సింది నేనే అని నాకు తెలుసు. ఆ పొగలో, ఆ ఫోన్ల ముందు, నా గొంతు మీ ఆటలో ఇంకొక వేషం అయ్యేది.

ఇక రాయకు.

రజని

భూపాలపల్లి,
18 అక్టోబరు

రజనీ,

రాయకంటే రాస్తున్న. ఇదొక్కటి చదివి చింపెయ్.

నేను కండ్లు మూసుకొని లేను. తెరిసిన. అయినా లెవ్వలే. ఆ చప్పట్లు నాకూ ఇనవడ్డయి.

తెల్లారి సార్ ఏమన్నడెర్కేనా? "జనం భలే అందుకున్నారు, ఆ ముసుగు గుంజడం రోజూ పెడదాం" అన్నడు. నాకు గప్పుడు నీ రోత సమజైంది. ముసుగుల సంచి ఇచ్చి బస్సెక్కిచ్చిన. నువ్వు అడిగిన మాట ఇస్తున్న. పెద్దబాపు సావు ఇగ స్టేజీ మీదికి పోదు. నాటకం మాత్రం బంద్ జెయ్యను, గది నా పని. నా చేత్తోని నేను నేర్చుకున్న, సగం చెడగొట్టిన, మల్ల చేస్త.

ఇంకొకటి రాయకుంటె నాకు నిద్ర రాదు. బాపమ్మను నేను ఒప్పించిన అన్నవ్. "ఒప్పుకున్నది" అని రాసింది నేనే, తప్పు నా రాతది. నేను అడగలే. ఆమెనే అడిగింది. ఎండాకాలంల పెద్దవంగర పోయిననాడు, వక్క కొరుక్కుంట, "మీరు ఆడ అరుస్తరట గద, ఎవలు ఏమనరట గద. నేను ఆడికొచ్చి నా కొడుకునొక్కసారి ఏడుస్తరా" అన్నది. ఇంట్ల వద్దంటరు, వాకిట్ల వద్దంటరు, ఇన్నేండ్లైంది ఇంక ఎందుకు ముసలిదానా అంటరు. ఏడ్సనీకి జాగ లేక నా స్టేజీ అడిగింది. నీకెట్ల చెప్పాల్నో తెల్వక నేను కథ అన్న, వేషం అన్న. ఎవలు పోలే అన్న.

వాపస్ పోయేటప్పుడు కారుల అడిగింది, "కొమురెల్లి బిడ్డ రాలేదారా?" అని. రాలే అన్న. సింకు కాడ ఉన్నవని నీ ఉత్తరం వచ్చినంకనే తెలిసింది. ఆమెకు ఇంక చెప్పలే. ఆ టవాల మడత వెట్టి ఒళ్లె వెట్టుకొని కూసున్నది పెద్దవంగర దాక.

ఐలేశ్

జనగామ,
24 అక్టోబరు

ఐలేశన్నా,

చింపలేదు.

నీ పొగ మిషన్ అంటే నాకు ఇప్పటికీ రోతే. ఆ కాగడా నడక చూస్తే రేపైనా వాంతి వస్తుంది. బొందలగడ్డ పేరు పెట్టుకుని పట్టుపరదాలు కడితే నేను ఊరుకోను, తిడతానే ఉంటా. మైకు నాకొద్దు. నా జాగలో ఎవడు నిలబడ్డాడన్నది ఎన్నడూ నా లొల్లి కాదు, అది నీకు ఇప్పటికైనా తెలిస్తే చాలు.

ఇప్పుడు విను. నవంబరు రెండు, ఆదివారం. నేను, అమ్మ పొద్దున బస్సుకు పెద్దవంగర వస్తున్నాం. నువ్వు కూడా రా. గిటారు తేకు. పౌడరు తేకు. ప్రశాంత్ వస్తానంటే ఉత్త చేతులతో రమ్మను.

కొట్టం ఊడ్పించు. బర్రెను ఉండనియ్యి, అది బాగానే వింటుందట కదా. చాప వెయ్యి, చాప మీద నువ్వు పడుకోకు. పీనుగ లేదంటారు వాళ్లు. బట్ట ఉన్నది. అత్త తెచ్చింది బాపుకే, ఎవరికి తెచ్చిందో ఆమెకు తెలియదంతే. నా బ్యాగులో నుంచి తీసి చాప మీద పరుస్తా. బాపమ్మ తలాపున కూర్చుంటుంది. ఆమె ఆగిన కాడ నేను అందుకుంటా. ఎట్ల అందుకుంటానో నాకు తెలియదు, నాకు రాగం రాదు, అరుపే వస్తుంది. అరుపైనా సరే, మెడ పట్టుకుంటా. బాపమ్మకు ఇప్పుడే చెప్పు, కొమురెల్లి బిడ్డ వస్తున్నదని. ఆ రోజు కూడా వచ్చింది, వెనక నిలబడ్డది అని కూడా చెప్పు. దాచకు.

గట్టమ్మకు వినబడుతుంది. ఆమె ముందు ఫోన్లు చేస్తుంది, తర్వాత చూడ్డానికి వస్తుంది. చెయ్యనియ్యి. అత్త మళ్లీ ఆటోలో దిగుతుంది, ఊరోళ్లంతా ఉరికొస్తారు. ఈసారి ఎవరినీ వెనక్కి పంపకు. రాంగనే అడుగుతారు, ఎవరు పోయిండ్రని.

వాకిట్లో నిలబడేది నువ్వే. బాపు పేరు చెప్పు.

కొమురెల్లి బిడ్డ,
రజని